హైదరాబాద్ శివార్లు: ముందు ప్లాటు, తరవాత ఊరు

2001 నుంచి 2011 మధ్య పదేళ్లలో హైదరాబాద్ జిల్లా జనాభా మూడు శాతం కూడా పెరగలేదు. 38.3 లక్షలు ఉన్నది 39.4 లక్షలయింది, అంతే. ఐటీ బూమ్, ఫ్లైఓవర్లు, కొత్త ఎయిర్‌పోర్టు అంటూ దేశమంతా హైదరాబాద్ గురించి మాట్లాడుకున్న పదేళ్లవి. అదే కాలంలో నగరాన్ని నాలుగు వైపులా చుట్టుకుని ఉన్న అప్పటి రంగారెడ్డి జిల్లా జనాభా 48 శాతం పెరిగింది. 35.7 లక్షల నుంచి దాదాపు 53 లక్షలకు చేరింది. అంటే హైదరాబాద్ పెరిగిందని మనం చెప్పుకుంటున్నది నిజానికి ఉప్పల్, ఎల్బీనగర్, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, కుత్బుల్లాపూర్ పెరగడం గురించే. చార్మినార్, అబిడ్స్, హిమాయత్‌నగర్ ఎప్పుడో నిండిపోయాయి.

అయితే ఈ శివార్లు ఒకదానికొకటి పోలిక లేకుండా పెరిగాయి. కోకాపేటలో 50 అంతస్తుల టవర్లు. బోడుప్పల్‌లో 150, 200 గజాల ప్లాట్లలో జీ ప్లస్ టూ ఇళ్లు. జల్‌పల్లి వైపు వెళ్తే 60 గజాల్లో రెండు కుటుంబాలు. సైనిక్‌పురిలో ఇంటి ముందు మామిడిచెట్టు, వెడల్పాటి రోడ్డు. వీటన్నిటికీ ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఒకటే, కరెంటు కంపెనీ ఒకటే, మొన్నటిదాకా మాస్టర్ ప్లాన్లు గీసిన సంస్థా ఒకటే. మరి ఇంత తేడా ఎందుకు?

డబ్బున్నవాళ్లు పడమరకు పోయారు, లేనివాళ్లు మిగతా వైపులకు పోయారని మామూలుగా చెబుతారు. అది సగం నిజం. నా లెక్కలో మిగతా సగం భూమి కాగితాల్లో ఉంది. ఒక పొలం సర్కారుదా, రైతు పట్టాదా, వక్ఫ్‌దా, చెరువు శిఖమా (నీళ్లు తగ్గితే తేలే నేల) అన్నదాన్ని బట్టే అక్కడ టవర్ వచ్చిందా, కాలనీ వచ్చిందా, రిజిస్ట్రేషన్ లేకుండా నోటరీ కాగితం మీద కొన్న ఇల్లు వచ్చిందా అన్నది చాలావరకు తేలిపోయింది.

నిజాం భూముల నుంచి టౌన్‌షిప్‌ల దాకా

1948 దాకా నగరం చుట్టుపక్కల ప్రాంతం అత్రాఫ్-ఎ-బల్దా అనే జిల్లా. అది సర్ఫేఖాస్, అంటే నిజాం సొంత భూమి. దాని శిస్తు నేరుగా నిజాం ఖర్చులకే వెళ్లేది. ఆ మధ్యమధ్యలో నిజాం కొలువులోని పెద్ద ప్రభువులైన పాయిగా కుటుంబాల ఊళ్లు, జాగీర్లు, దర్గాలకూ మసీదులకూ ఇచ్చిన ఇనాములు. 1949లో సర్ఫేఖాస్‌ను ప్రభుత్వంలో కలిపేశారు, జాగీర్లను రద్దు చేశారు. దాంతో రాళ్లూ గుట్టలూ కంచెలతో నిండిన పెద్ద పెద్ద భూములు సర్కారు చేతికి వచ్చాయి. సాగులో ఉన్న పొలాలు రైతుల పేరు మీద పట్టాలయ్యాయి. దర్గాల భూముల పంచాయితీ మాత్రం ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

1960, 70ల్లో కేంద్రం ప్రభుత్వరంగ సంస్థలు పెట్టడానికి జాగా వెతికితే హైదరాబాద్‌లో అది సులువుగా దొరికింది. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, బాలానగర్‌లో మందుల కంపెనీ ఐడీపీఎల్, మౌలాలి అవతల ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్, అణు ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీ వచ్చాయి. పటాన్‌చెరులో 1972లో మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, గచ్చిబౌలిలో 1974లో సెంట్రల్ యూనివర్సిటీ. యూనివర్సిటీ ఒక్కదానికే రెండు వేల పైచిలుకు ఎకరాలు. ఫ్యాక్టరీతోపాటు క్వార్టర్లు, బడి, ఆస్పత్రి, నీళ్ల ట్యాంకు, ఆటస్థలం అన్నీ ఒకేసారి కట్టారు. ఊరు ముందు, మనుషులు తరవాత. హైదరాబాద్ శివార్లలో ఈ వరస పాటించింది దాదాపు ఈ టౌన్‌షిప్‌లే.

వాటి పక్కనే ఉద్యోగులు సొసైటీలు పెట్టుకుని ఇళ్ల స్థలాలు కొనుక్కున్నారు. ఈసీఐఎల్ వ్యవస్థాపకుడు ఏఎస్ రావు పేరు పెట్టుకున్న కాలనీ అలా వచ్చిందే. మాజీ సైనికుల సైనిక్‌పురి కూడా సొసైటీదే. రైల్వే, కంటోన్మెంట్ ఉద్యోగులతో మల్కాజిగిరి, అల్వాల్ పెరిగాయి. ఉత్తరం, ఈశాన్యం వైపు శివార్లు ఇవాళ్టికీ కాస్త కుదురుగా కనిపిస్తాయంటే కారణం ఇదే. ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లు, ఒకే రకం జీతాలు, నెల తిరిగేసరికి మీటింగు పెట్టుకునే సంఘాలు.

ఆ తరవాత హౌసింగ్ బోర్డు రంగంలోకి దిగింది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ (కేపీహెచ్‌బీ), వనస్థలిపురం దాని చలవే. మధ్యతరగతికి సర్కారే ప్లాను గీసి, రోడ్డు వేసి, ఇల్లు కట్టి వాయిదాల మీద ఇచ్చిన కాలం ఒకటుండేదని ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరేమో. 1990ల తరవాత ఆ పని దాదాపు ఆగిపోయింది. జనం రావడం మాత్రం ఆగలేదు.

ఇంకో ముడి 1976లో పడింది, అర్బన్ ల్యాండ్ సీలింగ్ చట్టంతో. హైదరాబాద్‌లో ఒక్కొక్కరికి వెయ్యి చదరపు మీటర్లకు మించి ఖాళీ జాగా ఉండకూడదని అది చెప్పింది. మిగులు భూమి తీసుకుని పేదలకు ఇవ్వాలన్నది ఉద్దేశం. జరిగింది మాత్రం వేరు. సర్కారుకు పోతుందన్న భయంతో యజమానులు తెల్లకాగితాల మీద, జీపీఏల (పవర్ ఆఫ్ అటార్నీల) మీద, నోటరీల మీద ముక్కలు చేసి అమ్మేశారు. కేంద్రం 1999లో ఆ చట్టాన్ని రద్దు చేసినా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ రద్దును 2008లో గానీ అమల్లోకి తేలేదు. ఎల్బీనగర్ వైపు కాలనీల్లో ఇళ్లు కట్టుకుని కాపురాలు చేస్తున్నవాళ్లు, ఆ భూమి రికార్డుల్లో సీలింగ్ మిగులుగా ఉన్నందువల్ల అమ్ముకోలేక ఏళ్లకేళ్లు తిరిగారు. 2022లో జీవో 118 వచ్చాక గానీ వాళ్ల ముడి విడిపోవడం మొదలవలేదు.

పంచాయతీ లేఅవుట్ లెక్క

తూర్పు, ఆగ్నేయం వైపు కథ వేరు. ఉప్పల్ దాటాక బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి. ఎల్బీనగర్ దాటాక బీఎన్‌రెడ్డి నగర్, తుర్కయాంజాల్, హయత్‌నగర్. ఇక్కడ భూమి ఎక్కువగా చిన్న రైతుల పట్టా. రెండెకరాలు, మూడెకరాలు. ఐటీ పార్కుకో టౌన్‌షిప్‌కో సరిపోయే ముక్క ఒకే చేతిలో ఉండదు. కానీ ప్లాట్లకు సరిగ్గా సరిపోతుంది.

ఎకరానికి 4,840 గజాలు. నగరానికి ప్లాను గీసే సంస్థ హుడా, దాని తరవాత వచ్చిన హెచ్‌ఎండీఏ నిబంధనల ప్రకారం లేఅవుట్ వేస్తే రోడ్లకు మూడో వంతు దాకా పోతుంది. పార్కుకు పది శాతం వదలాలి. డ్రైనేజీ, కరెంటు, నీటి ట్యాంకు పనులు పూర్తిచేసేదాకా పదిహేను శాతం ప్లాట్లను ఆ సంస్థకే మార్టిగేజ్ పెట్టాలి. చివరికి ఎకరంలో అమ్ముకోగలిగింది సుమారు 2,800 గజాలు. అదే గ్రామపంచాయతీ లేఅవుట్ అయితే? పార్కు నక్షాలో ఉంటుంది, నేల మీద ఉండదు. రోడ్లు పాతికో ముప్పయ్యో అడుగులు. 3,600 గజాలు అమ్మొచ్చు. ఎకరానికి నాలుగు ప్లాట్ల లాభం, పైగా డ్రైనేజీ ఖర్చు లేదు, ఆఫీసుల చుట్టూ తిరిగే పనీ లేదు.

నిజానికి టౌన్ ప్లానింగ్ శాఖ సాంకేతిక ఆమోదం లేకుండా లేఅవుట్‌కు సొంతంగా అనుమతివ్వడం పంచాయతీ పని కాదు. కానీ సర్పంచి సంతకం, పంచాయతీ ముద్ర ఉన్న నక్షా చేతికొస్తే కొనేవాడికి అది చాలనిపించేది. సబ్ రిజిస్ట్రార్ చూసేది అమ్మేవాడెవరు, కొనేవాడెవరు, స్టాంపు డ్యూటీ కట్టారా అన్నంతవరకే. లేఅవుట్‌కు అనుమతి ఉందా అని అడిగే ఆనవాయితీ లేదు. కాబట్టి రిజిస్ట్రేషన్ దర్జాగా అయిపోయేది. రిజిస్ట్రేషన్ అయిందంటే సర్కారు ఒప్పుకున్నట్టే అని జనం అనుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. డ్యూటీ తీసుకుంది సర్కారే కదా.

కొన్నదెవరు? టీచర్లు, ఆర్టీసీ కండక్టర్లు, చిట్టీ పాడుకున్న కిరాణా యజమానులు, గల్ఫ్ నుంచి డబ్బు పంపినవాళ్లు. ఆదివారం వెంచర్‌కు వ్యాన్ పెట్టి, బిర్యానీ పొట్లం ఇచ్చి, సున్నం పూసిన రాళ్ల మధ్య నడిపించి కార్నర్ బిట్, ఈస్ట్ ఫేసింగ్ చూపించేవారు. అందులో మోసాలు బోలెడు జరిగాయి. ఒకే ప్లాటు ఇద్దరికి అమ్మినవి ఉన్నాయి, పార్కుగా చూపించిన జాగాను తరవాత ప్లాట్లు చేసినవీ ఉన్నాయి. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. హౌసింగ్ బోర్డు తప్పుకున్నాక ఈ నగరంలో పాతికవేల జీతగాడికి సొంత ఇల్లు దక్కిందంటే అది ఈ పంచాయతీ లేఅవుట్ల వల్లే. అనుమతి ఉన్న ప్లాటు ధర అతనికి ఏనాడూ అందలేదు.

అలాంటి కాలనీ ఎదిగే తీరు దగ్గర్నుంచి చూస్తే ఒకటి తెలుస్తుంది. మొదటి ఇల్లు కట్టినప్పుడు రోడ్డంటే మొరం. కరెంటు స్తంభాలకు తలా ఇంత వేసుకుంటారు. బోరు ఎవరిది వాళ్లదే. డ్రైనేజీ లేదు కాబట్టి సెప్టిక్ ట్యాంకు తవ్వుతారు, వాడిన నీళ్లు పక్క ఖాళీ ప్లాటులోకి వదిలేస్తారు. నాలుగేళ్లకు ఆ ప్లాటు యజమాని వచ్చి, బురద చూసి గొడవపడి, తన ఇంటి పునాది రెండడుగులు ఎత్తు లేపి కడతాడు. తరవాత వచ్చేవాడు ఇంకో అడుగు. ఆలోగా కార్పొరేటర్ నిధులతో సీసీ రోడ్డు వస్తుంది. పాతది తవ్వకుండా దాని మీదే వేస్తారు. పదేళ్లు గడిచేసరికి కాలనీకి అందరికంటే ముందొచ్చి, పాములకు భయపడుతూ, చీకట్లో నడిచి వచ్చినవాడి ఇల్లు రోడ్డు కంటే కిందికి దిగిపోతుంది. వానొస్తే మొదట నీళ్లు వచ్చేది ఆ ఇంట్లోకే. కాలనీ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే మోటారు కోసం అడిగేదీ ఆయనే.

ఇక ఎల్‌ఆర్‌ఎస్. అనుమతిలేని లేఅవుట్లలోని ప్లాట్లను డబ్బు కట్టించుకుని క్రమబద్ధీకరించే పథకం. 2007-08లో ఒకసారి, 2015లో ఒకసారి, 2020లో మరోసారి తెచ్చారు. 2020 ఆగస్టులో అనుమతిలేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపేసి ఈ పథకం ప్రకటిస్తే తెలంగాణ అంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆ అంకెను ఒకసారి తలచుకోండి. నిబంధన తప్పింది పదిమందో వందమందో కాదు, నిబంధన పాటించడమే అరుదైపోయింది. ఏళ్లతరబడి పెండింగులో పడ్డ ఆ దరఖాస్తులను కదిలించడానికి 2025లో ప్రభుత్వం పాతిక శాతం రాయితీ ఇచ్చింది.

ఎల్‌ఆర్‌ఎస్ ఫీజులో ఒక పద్దు గురించి చాలామందికి తెలియదు. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ జాగా వదలకపోతే, అందుకు బదులుగా రిజిస్ట్రేషన్ నాటి ప్లాటు విలువలో 14 శాతం కొన్నవాడే కట్టాలి. పార్కు మింగినవాడు ఒకడు, పార్కు డబ్బు కట్టేవాడు ఇంకొకడు. కట్టినందుకు ఆ కాలనీలో పార్కు వస్తుందా అంటే, జాగా ఏది? అది ఎప్పుడో 200 గజాల బిట్లయిపోయింది.

పడమర ఎందుకు ఆకాశానికి ఎదిగింది

పెద్ద పెద్ద భూములు సర్కారు చేతికి వచ్చాయని చెప్పాను కదా, పడమర వైపు అలాంటి ముక్కలున్నాయి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలయ్యాక అవే పెట్టుబడి అయ్యాయి. ట్రిపుల్ ఐటీ, ఐఎస్‌బీ బిజినెస్ స్కూలు, నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. రైతు రైతుకూ తిరిగి ఎకరం ఎకరం కొనే పనిలేకుండా కంపెనీలకు ఒకే చోట జాగా దొరికింది.

కానీ టవర్లకు అసలు కారణం ఒక బిల్డింగ్ రూల్. ముంబై, బెంగళూరు లాంటి చోట్ల ఒక స్థలంలో మొత్తం ఎన్ని చదరపు అడుగులు కట్టొచ్చో ఎఫ్‌ఎస్‌ఐ పేరుతో హద్దు ఉంటుంది. హైదరాబాద్‌లో 2006 నాటి జీవో 86 ఆ హద్దు తీసేసింది, 2012లో జీవో 168 దాన్నే కొనసాగించింది. రోడ్డు తగినంత వెడల్పు ఉండాలి, చుట్టూ సెట్‌బ్యాక్ (ఖాళీ జాగా) వదలాలి, ఫైర్, ఎయిర్‌పోర్టు అనుమతులు రావాలి. అవి ఉంటే ఎంత ఎత్తయినా లేపుకోవచ్చు.

దీని ఫలితం భూమి ధరలో కనిపిస్తుంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్లకు పోయినప్పుడు చాలామంది నోరెళ్లబెట్టారు. బిల్డర్ లెక్క వేరేలా ఉంటుంది. ఎకరంలో లక్ష చదరపు అడుగులే కట్టగలిగితే అడుగుకు భూమి ఖర్చే పదివేలు పడుతుంది, గిట్టదు. ఐదు లక్షలు కట్టగలిగితే రెండువేలే. అంటే వంద కోట్లు పెట్టి కొన్నాక 50 అంతస్తులు కట్టాలా వద్దా అనే ప్రశ్నే లేదు, కట్టి తీరాలి. ఇంకో సంగతి, ఆ వేలం నడిపింది ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎండీఏ. నగరానికి ప్లాను గీయాల్సిన సంస్థే భూమి అమ్మి సొమ్ము చేసుకుంటున్నప్పుడు, ఇక్కడ ఇన్ని అంతస్తులు వద్దు, రోడ్డు తట్టుకోదు అని ఎవరు చెప్పాలి? నాకైతే పడమర ట్రాఫిక్ అంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఇరుక్కుని ఉందనిపిస్తుంది.

పక్కనే మణికొండది మరో గొడవ. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందినవంటూ వక్ఫ్ బోర్డు చెప్పిన 1,654 ఎకరాలు అక్కడివే. ఆ నేల మీద అప్పటికే ఐటీ కంపెనీలు వచ్చేశాయి. ఆ భూమి రాష్ట్ర ప్రభుత్వానిదేనని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇంకాస్త పడమరకు పోతే టవర్లు ఉన్నట్టుండి ఆగిపోయి తోటలు, ఫామ్‌హౌస్‌లు మొదలవుతాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాలకు పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో ఇచ్చిన జీవో 111 దీనికి కారణం. లక్షా 32 వేల ఎకరాలు. వట్టినాగులపల్లి రైతు పాతికేళ్లుగా పక్క ఊళ్లో ఎకరం కోట్లకు పోతుంటే చూస్తూ కూర్చున్నాడు. 2022లో ప్రభుత్వం జీవో 69తో ఆ ఆంక్షలు ఎత్తివేస్తున్నట్టు ప్రకటించింది. రైతు బాధ నిజమే. కానీ ఆ పాతికేళ్లలో అక్కడ ఎకరాలకెకరాలు ఎవరు కొన్నారో చూస్తే, ఎత్తివేత లాభం ఆ రైతుకే చేరుతుందని చెప్పడం కష్టం.

దక్షిణానికి ఇందులో దక్కింది తక్కువ. పాతబస్తీలో చోటు చాలని కుటుంబాలు చాంద్రాయణగుట్ట దాటి జల్‌పల్లి, షాహీన్‌నగర్, పహాడీ షరీఫ్ వైపు జరిగాయి. 60 గజాలు, 80 గజాలు, నోటరీ కాగితం. కాటేదాన్ ఫ్యాక్టరీల పొగ. 2008లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు వచ్చాక ఈ వైపు దశ తిరుగుతుందన్నారు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్లకు పైగా వంతెన వచ్చింది, ఎయిర్‌పోర్టుకు వెళ్లేవాళ్లు కింది బస్తీలను చూడకుండా పైనుంచే పోవడానికి.

చెరువు నిండుగా ఉంటే ప్రమాదం

శివారు గురించి ఎంత మాట్లాడినా చివరికి చెరువు దగ్గరికి రావాల్సిందే. దక్కన్ పీఠభూమి మీద నదీ కాలువలు తక్కువ కాబట్టి ఇక్కడి సాగంతా గొలుసుకట్టు చెరువుల మీద నడిచింది. పై చెరువు నిండితే అలుగు దూకి కింది చెరువుకు, అక్కడి నుంచి ఇంకా కిందికి, చివరికి మూసీకి. ఈ రెండు చెరువుల మధ్య వాగు దారే ఇప్పుడు మనం నాలా అంటున్నది.

చెరువులో ప్లాట్లెలా వేశారని టీవీలో అరుస్తుంటారు. అందులో కబ్జాలు ఉన్నాయి, కాదనను. కానీ చాలా చోట్ల ఆ భూమికి పట్టా ఉంటుంది. చెరువు నిండినప్పుడు మునిగి, వేసవిలో తేలే నేలను శిఖం అంటారు. నీళ్లు వెనక్కి తగ్గాక ఆ తడిలో పంట వేసుకునే హక్కు కొందరు రైతులకు పట్టాగానే ఉండేది. సాగు చేసుకోవచ్చు, కట్టడం కట్టకూడదు. ఊళ్లో అందరికీ తెలిసిన ఈ తేడా, పాస్‌బుక్ చూసి కొన్న కొత్తవాడికి తెలియదు. అతని చేతిలో లింకు డాక్యుమెంట్లు, పాత లావాదేవీలు చూపించే ఈసీ అన్నీ సక్రమంగానే ఉంటాయి. చెరువు పూర్తిగా నిండినప్పటి ఎఫ్‌టీఎల్ హద్దు, పది హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్లు, అంతకు చిన్నదైతే 9 మీటర్ల బఫర్ అన్న సంగతులు బుల్డోజర్ వచ్చాకే తెలుస్తాయి.

ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. సాగు ఉన్నప్పుడు తూము తెరిచి నీళ్లు వాడేవాళ్లు. వేసవికి చెరువు ఖాళీ అయ్యేది. జూన్‌లో వాన పడితే పట్టడానికి దానిలో చోటుండేది. ఆయకట్టు కాలనీలయ్యాక తూము తెరిచేవాడు లేడు. పై నుంచి కాలనీల మురుగు ఏడాది పొడవునా వచ్చి పడుతుంది. మే నెలలో కూడా చెరువు నిండుగా, గుర్రపుడెక్కతో పచ్చగా కనిపిస్తుంది. దారిన పోయేవాళ్లు నీళ్లున్నాయని సంతోషిస్తారు. ఒక్క పెద్ద వాన పడిందంటే ఆ నీటికి చెరువులో జాగా లేదు, అలుగు దారిలో ఇళ్లున్నాయి.

2020 అక్టోబరు 13 రాత్రి జరిగింది అదే. ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు దాటిన వాన. ఆ వారం వానల్లో పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి దక్షిణ శివారు బస్తీల్లోకి నీళ్లు దూకాయి. సరూర్‌నగర్, మీర్‌పేట వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. చెరువుల కబ్జాల మీద చర్యకు 2024 జులైలో హైడ్రా ఏర్పడింది. దాని కూల్చివేతల మీద వాదనలు సాగుతూనే ఉన్నాయి. కట్టడం కూల్చడం ఒక ఎత్తు. మురుగును మళ్లించి చెరువును మళ్లీ వేసవిలో ఖాళీగా ఉంచగలగడం దానికి పదింతలు. దానికి టీవీ కెమెరాలు రావు.

ఊరి బస్సు ఎక్కే రోడ్డు

పల్లె వదిలి నగరానికొచ్చినవాళ్లు చాలామంది తమ ఊరికి బస్సు వెళ్లే హైవే మీదే ఇల్లు కొనుక్కున్నారు. నల్లగొండ, ఖమ్మం వాళ్లు ఎల్బీనగర్, వనస్థలిపురం. వరంగల్ వాళ్లు ఉప్పల్, బోడుప్పల్. కరీంనగర్ వాళ్లు అల్వాల్, నిజామాబాద్ వాళ్లు కొంపల్లి. పాలమూరు వాళ్లు ఆరాంఘర్, శంషాబాద్. కోస్తా నుంచి వచ్చినవాళ్లు విజయవాడ రోడ్డు మీద కొందరు, కూకట్‌పల్లి, మియాపూర్‌లో కొందరు. పండక్కి ఊరెళ్లాలి, అమ్మకు బాగోలేదంటే రాత్రికి రాత్రి బస్సెక్కాలి, బియ్యం బస్తా దించుకోవాలి. ప్లానింగ్ వాళ్ల మ్యాపుల్లో ఈ లెక్క ఎక్కడా ఉండదు. టిఫిన్ సెంటర్‌లో పచ్చడి రుచి చూసి ఇది ఏ జిల్లా కాలనీయో చెప్పేవాళ్లు ఉన్నారు.

చిక్కేమిటంటే, ఇల్లు ఊరి రోడ్డు మీద కొన్నా ఉద్యోగాలన్నీ పడమరకు పోయాయి. పొద్దున ఎల్బీనగర్ నుంచి రాయదుర్గం, సాయంత్రం తిరుగు ప్రయాణం. మెట్రో 2017లో మొదలయ్యాక కొంత ఊరట వచ్చింది గానీ, అది ఎల్బీనగర్‌లో, నాగోల్‌లో, మియాపూర్‌లో, రాయదుర్గంలో ఆగిపోతుంది. శివారు సరిగ్గా అక్కడి నుంచే మొదలవుతుంది. అక్కడి నుంచి షేర్ ఆటో, లేదంటే ఇంట్లో రెండో బైకు.

ఎవరి పరిధి?

ఒక కాలనీ వాసి ఎవరికి అర్జీ పెట్టుకోవాలో చూడండి. లేఅవుట్ హెచ్‌ఎండీఏ, ఇంటి అనుమతి మున్సిపాలిటీ, నీళ్లు వాటర్ బోర్డు, చెరువు ఇరిగేషన్, దాని హద్దు రెవెన్యూ, కబ్జా అయితే హైడ్రా. దీనిపైన పాలన హద్దులు జరుగుతూనే ఉంటాయి. 2007 ఏప్రిల్‌లో 12 మున్సిపాలిటీలను పాత నగరపాలికతో కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. 170 చదరపు కిలోమీటర్ల నగరం 600 దాటింది. అప్పుడు బయట మిగిలిన పంచాయతీలే తరవాత పదేళ్లలో అన్నిటికంటే వేగంగా పెరిగాయి. బయట ఉంటే ఇంటి పన్ను తక్కువ, అనుమతి తేలిక, ధర తక్కువ. బాచుపల్లి, నిజాంపేట, ప్రగతినగర్ అలా నిండాయి. 2010ల చివరిదాకా పంచాయతీలే. 2019లో కలిపి కార్పొరేషన్ చేశారు. సర్పంచి పోయి మేయర్ వచ్చాడు, అపార్ట్‌మెంట్ల ముందు ట్యాంకర్లు మాత్రం పోలేదు. 2025 నవంబరులో ఓఆర్‌ఆర్ వరకున్న 27 పురపాలికలను జీహెచ్‌ఎంసీలో కలపాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. దాంతో విస్తీర్ణం 2 వేల చదరపు కిలోమీటర్లు దాటింది. నగరం చెత్తంతా ఏళ్లుగా మోస్తున్న జవహర్‌నగర్ కూడా ఆ 27లో ఉంది.

అదే నెలలో ప్రభుత్వం హిల్ట్ పాలసీ తెచ్చింది. ఓఆర్‌ఆర్ లోపలా పక్కనా ఉన్న పాత పారిశ్రామిక వాడల భూముల్లో ఇళ్లూ ఆఫీసులూ కట్టుకోవడానికి అది వీలు కల్పిస్తుంది. ఫ్యాక్టరీ కోసం చౌకగా ఇచ్చిన జాగా టవర్ల కింద మారితే ఆ తేడాలో ఎంత భాగం ప్రజలకు దక్కాలన్న దాని మీద రాజకీయంగా పెద్ద గొడవే నడిచింది.

ఇక ఇప్పుడు శివారు ఓఆర్‌ఆర్ దాటింది. ముచ్చర్ల వైపు ప్రభుత్వం తలపెట్టిన కొత్త నగరం ఫ్యూచర్ సిటీకి 2025లో ప్రత్యేక అథారిటీ వచ్చింది. సంగారెడ్డి, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి, చౌటుప్పల్ మీదుగా రీజినల్ రింగ్ రోడ్డు ఉత్తర భాగం గీశారు. ఆ గీత చూపించి అమ్మకాలు ఎప్పుడో మొదలయ్యాయి. ఈసారి పంచాయతీ లేఅవుట్ అనరు, ఫామ్ ప్లాట్లు అంటారు. గజాల్లో కాదు, గుంటల్లో. గుంటకు 121 గజాలు, ఐదు గుంటలు కొంటే 605. వ్యవసాయ భూమిగానే తహసీల్దార్ దగ్గర రిజిస్ట్రేషన్, పట్టాదారు పాస్‌బుక్, నాలుగు మామిడి మొక్కలు, డ్రిప్, ఒక ఆర్చి గేటు. వ్యవసాయ భూమి కాబట్టి లేఅవుట్ అనుమతి అడగాల్సిన పనిలేదని అమ్మేవాళ్లే చెబుతారు. పార్కుకు పది శాతం వదలాల్సిన పనీ లేదు. ఆ ఐదు గుంటలకు దారి ఏ సర్వే నంబరులోంచి పోతుందో, ఆ దారి ఎవరి పేరు మీద ఉందో పాస్‌బుక్‌లో రాసి ఉండదు.